కొట్టని దెబ్బ

మేడ్చల్ కరెంటు ఆఫీసులో కొత్త కనెక్షన్ల దరఖాస్తులు చూసే రోజారాణికి బాక్సింగ్ చరిత్ర తెలిసినంతగా ఆ జిల్లాలో ఇంకెవరికీ తెలియదు. ఆ సంగతి మాత్రం ఆమె భర్త గోపాలరావుకి తప్ప ఎవరికీ తెలియదు.

ఆమెకి యాభై మూడేళ్లు. పుట్టింది పిఠాపురం దగ్గర. పన్నెండో ఏట కిరాణా కొట్టు నుంచి తెచ్చిన శనగపప్పు పొట్లం విప్పుతుంటే, లోపలి ఇంగ్లీషు పేపరు ముక్కలో ఒక పాత బొమ్మ కనిపించింది. ఒంటి మీద చొక్కాలు లేకుండా ఎదురెదురుగా నిలబడ్డ ఇద్దరు మనుషులు. కింద నాలుగు వాక్యాలు. నిఘంటువు పక్కన పెట్టుకుని సాయంత్రమంతా కూర్చుని చదివింది. 1893లో అమెరికాలో ఆండీ బోవెన్, జాక్ బర్క్ అనే ఇద్దరు నూటపది రౌండ్లు కొట్టుకున్నారట. ఏడు గంటలకు పైగా. చివరికి ఇద్దరిలో ఎవరూ లేచి రాలేని స్థితిలో ఉంటే, గెలుపు ఎవరిదీ కాదని ఆపేశారట. బర్క్ చేతి ఎముకలు విరిగాయట.

ఆ పిల్లకి ఆ రాత్రి అన్నం సయించలేదు. ఏడు గంటలంటే పొద్దున బడి గంట నుంచి సాయంత్రం గంట దాకా. అంతసేపు ఒక మనిషి ఇంకో మనిషి ఎదురుగా ఎలా నిలబడ్డాడు?

అప్పటి నుంచి దొరికిందల్లా చదువుతూ వచ్చింది. ఉమ్మడి రాష్ట్రంలో ఉద్యోగం వచ్చి ఇటు వచ్చాక, పెళ్లయి శామీర్‌పేట కాలనీలో ఇల్లు కట్టుకున్నాక, కూతురు నవ్యశ్రీ చదువు కోసం బెంగళూరు వెళ్లాక కూడా ఆ పిచ్చి తగ్గలేదు. ఎవరు ఎవరిని ఏ ఏడు ఎన్నో రౌండులో పడగొట్టారో నోటికి వచ్చు. టీవీలో మాత్రం ఎప్పుడూ చూడలేదు. ఒకసారి గోపాలరావు పెట్టబోతే వద్దంది.

"చదివితే ఏమీ అనిపించదండీ. చూస్తే భయం," అంది.

ఒక సోమవారం మధ్యాహ్నం ఆమె బల్ల ముందుకు నలభై అయిదేళ్ల మనిషి వచ్చాడు. జుట్టు పొట్టిగా, ముక్కు కొంచెం పక్కకి వంగి ఉంది. పేరు బాలేష్. సైన్యంలో చేసి వచ్చాడు. అత్వెల్లిలో అంజయ్య అనే రైతు వాడకుండా వదిలేసిన కోళ్ల షెడ్డును తీసుకున్నాడు. దాని కరెంటు కనెక్షన్ ఇంకా కోళ్ల ఫారం పేరు మీదే ఉంది, మార్చాలి.

"షెడ్డులో ఏం నడుపుతున్నారు?" కాగితం మీంచి తల ఎత్తకుండానే అడిగింది.

"బాక్సింగ్ నేర్పుతున్న మేడం. ఆడపిల్లలకు."

రోజారాణి పెన్ను ఆగింది. అతని ముక్కు వైపు చూసింది.

"పది ఔన్సుల గ్లవ్సా, పన్నెండా?"

బాలేష్ చేతిలోని కాగితాలు బల్ల మీద పెట్టేశాడు. "పోటీకి పది. ప్రాక్టీసుకు పన్నెండు, పద్నాలుగు. మీకు గిదంత ఎట్ల తెల్సు మేడం?"

ఆ ప్రశ్న ఆమెని జీవితంలో ఎవరూ అడగలేదు. వెనక నలుగురు వరసలో నిలబడి ఉన్నా, బోవెన్, బర్క్‌ల సంగతి మూడు నిమిషాల్లో చెప్పేసింది. బాలేష్ చేతులు కట్టుకుని విన్నాడు. వెనక నిలబడ్డవాళ్లు కూడా విన్నారు.

"ఎన్నడన్న కండ్లార సూసిన్రా?"

"లేదు."

"అయితారం పొద్దుగాల ఆరింటికి రాండ్రి."

ఆ ఆదివారం గోపాలరావు స్కూటర్ మీద తీసుకెళ్లాడు. పొడుగాటి రేకుల షెడ్డు, పక్కల ఇనుప జాలీ, మధ్యలో నాలుగు గుంజలకి తాళ్లు కట్టి చేసిన రింగు. పదిమంది అమ్మాయిలు చెమటలు కక్కుతున్నారు. రెండు రోజుల ముందు వాన పడింది, పాత కోళ్ల వాసన మళ్లీ లేచింది. గోపాలరావు జేబురుమాలు ముక్కుకి పెట్టుకున్నాడు.

రోజారాణికి మొదట వినిపించింది శబ్దం. మూలలో వేలాడుతున్న బ్యాగును ఒక సన్నటి అమ్మాయి కొడుతోంది. ప్రతి దెబ్బకీ పైన ఇనుప గొలుసు గలగలమంటోంది, రేకుల్లోంచి ఆ మోత వచ్చి పాదాలకి తగులుతోంది. నలభై ఏళ్లుగా చదివిన ఏ వాక్యంలోనూ ఈ శబ్దం లేదు. ఆమె చేయి తనకు తెలియకుండానే భర్త మోచేతిని పట్టుకుంది.

ఆ అమ్మాయి పేరు ప్రణీత. పందొమ్మిదేళ్లు. జవహర్‌నగర్ నుంచి రెండు బస్సులు మారి వస్తుంది. తల్లి ఒక హాస్టల్లో వంట చేస్తుంది, తండ్రి లేడు. షెడ్డులో వాసన గురించి మిగతా పిల్లలు సణిగితే ప్రణీత ఒకటే అనేది:

"మా చెత్త డంపింగ్ యార్డు కాడికి ఒక్కసారి రాండ్రి. గిది అత్తరు లెక్క."

బాలేష్ అడిగితే రోజారాణి ఆ రోజు నుంచి ప్రతి ఆదివారం, ప్రాక్టీసు అయ్యాక, పిల్లలు చేతిపట్టీలు విప్పుకునేటప్పుడు ఒక సంగతి చెప్పడం మొదలుపెట్టింది. బార్బరా బట్రిక్ గురించి చెప్పింది. ఇంగ్లండు పిల్ల, నిండా అయిదడుగులు లేదు. బురద బూట్లు తుడుచుకోవడానికి ఇచ్చిన పాత పేపర్లో ఒక ఆడ బాక్సర్ గురించి చదివి, తనూ అదే అవుతానంది. అమెరికా వెళ్లి గెలిచింది. ఇంకోసారి హ్యారీ గ్రెబ్ గురించి. అతనికి ఒక కన్ను పోయింది. ఆ సంగతి బయటికి తెలియనీయకుండా ఒంటికన్నుతోనే ప్రపంచ మిడిల్‌వెయిట్ ఛాంపియన్ అయ్యాడు.

పిల్లలు నోళ్లు తెరుచుకుని వినేవాళ్లు. ప్రణీత మాత్రం మోకాళ్ల మీద గడ్డం పెట్టుకుని వినేది, చివర్లో ఎప్పుడూ ఒక ప్రశ్న వేసేది.

"మేడం, గా గ్రెబ్ ఆయనకు ఒక దిక్కు కనవడదు గదా. మరి ఆ దిక్కు నుంచి దెబ్బ వస్తాందని ఎట్ల తెల్సేది?"

రోజారాణికి తెలియదు.

"నూటపది రౌండ్లు కొట్టుకున్నరన్నరు. ఇద్దరిట్ల ఒక్కడన్న, ఇగ సాలు, ఎదుటోని పాణం మీదికొస్తాందని అనుకోలేదా?"

అదీ తెలియదు. పేపర్లలో రౌండ్లు ఉండేవి, గంటలు ఉండేవి, ఊరి పేర్లు ఉండేవి. ప్రణీత అడిగేవి ఉండేవి కావు. ఇంటికెళ్తూ స్కూటర్ వెనక కూర్చుని రోజారాణి ఆ ప్రశ్నలనే తలుచుకునేది.

ఆగస్టులో రాష్ట్ర పోటీలు మేడ్చల్ హైవే పక్కన ఒక ఫంక్షన్ హాల్లో పెట్టారు. పెళ్లి వేదిక ఉండే చోట రింగు వేశారు. పైన ప్లాస్టిక్ పూల తోరణాలు అలాగే ఉన్నాయి. గెలిచిన వాళ్లు మహారాష్ట్రలో జరిగే జాతీయ పోటీలకి వెళ్తారు. ప్రణీత ఫైనల్‌కి వచ్చింది. ఎదుటి అమ్మాయి ఖమ్మం నుంచి వచ్చిన అమూల్య, పోయినేడు విజేత. ప్రణీత కంటే నాలుగు వేళ్లు పొడుగు.

రోజారాణి ప్రణీతకిచ్చిన ఎర్ర మూల వెనక మొదటి వరసలో కూర్చుంది. ఇద్దరు మనుషులు నిజంగా తలపడడం చూడటం ఆమెకి అదే మొదలు. మూడు నిమిషాల రౌండ్లు మూడు. మొదటి రౌండులో అమూల్య పొడుగాటి ఎడమ చెయ్యి ప్రణీతని దగ్గరికి రానివ్వలేదు. తలకి కాపు ఉన్నా, దెబ్బ తగిలినప్పుడల్లా ప్రణీత మెడ వెనక్కి విరిగినట్టయ్యేది. రోజారాణి కళ్లు మూసుకుంది. మళ్లీ తెరిచింది. చూడకుండా ఉండలేకపోయింది.

రెండో రౌండులో ప్రణీత వంగింది. పొడుగు చెయ్యి తన తల మీంచి వెళ్లిపోయేలా వంగి, లోపలికి దూరి, పక్కటెముకల మీద రెండు కొట్టింది. అమూల్య చేతులు కిందికి దిగాయి. అప్పుడు కుడిచేత్తో చెవి పైన ఒక్కటి. మోత హాలు చివరి దాకా వినిపించింది. జనం లేచారు. అమూల్య పడలేదు. రెండడుగులు పక్కకి వేసి, మళ్లీ చేతులెత్తి నిలబడింది.

ప్రణీత తరువాతి దెబ్బకి చెయ్యి వెనక్కి లాగింది. ఎదురుగా అమూల్య మొహం ఖాళీగా ఉంది. ఇంకొక్కటి తగిలితే పోటీ ముగిసేది. ఆ సంగతి హాల్లో అందరికీ తెలుసు.

ప్రణీత కొట్టలేదు.

చెయ్యి అక్కడే ఆగింది. ఒకడుగు వెనక్కి వేసి, రెండు చేతులూ దించి, రిఫరీ వైపు తిరిగింది. అతను అమూల్య వెనక ఉన్నాడు, ఆమె మొహం అతనికి కనబడలేదు. పోటీ ఆపి ముందుకొచ్చి చూశాడు. బాగానే ఉన్నావా అని అడిగాడు. అమూల్య తలూపింది, గ్లవ్స్ ఎత్తి చూపించింది. అతను మళ్లీ మొదలుపెట్టమన్నాడు. ప్రణీత చేతులెత్తింది గాని కొట్టలేదు, చుట్టూ తిరిగింది. రిఫరీ ఒకసారి మందలించాడు. రెండోసారి ఆపి, పోరాడటం లేదని వార్నింగ్ ఇచ్చాడు. అంటే జడ్జీలందరి దగ్గరా ఒక పాయింటు పోయినట్టే. గంట మోగింది.

ఎర్ర మూలలో స్టూలు మీద కూర్చోగానే బాలేష్ కోపంగా వంగాడు.

"ఏమైంది నీకు? చేతిలకొచ్చింది వదులుకుంటవా?"

"సార్, గామె కండ్లు మంచిగ లేవు."

"రిఫరీ సూసిండు గదా."

"నన్ను సూస్తలేదు సార్ ఆమె. నా ఎన్కాల ఎవలో ఉన్నట్టు సూస్తాంది. ఇగ నేను తలకాయ మీద కొట్ట."

బాలేష్ ఆమె మొహంలోకి చూశాడు. నీళ్ల సీసా ఆమె నోటికి అందించాడు. అతని గొంతులో కోపం పోయింది.

"సరే, కొట్టకు. నువ్వు మాత్రం దెబ్బ తినకు." తరువాత తాళ్ల మీంచి రోజారాణి వైపు వంగాడు. "మేడం, నేను ఈ మూల ఇడిసి రాను. జల్దీ డాక్టర్ దగ్గరికి పోండ్రి. నీలం మూల పిల్లను సూడమనండ్రి."

డాక్టరు బల్ల రింగుకి అవతలి వైపు ఉంది. మధ్యలో జనం, కుర్చీలు. రోజారాణి ఆఫీసు లిఫ్టులో కూడా నలుగురుంటే తరువాతి దానికి ఆగే మనిషి. ఆ రోజు మోచేతులతో తోసుకుంటూ వెళ్లింది. చెప్పు ఒకటి ఊడిపోయింది. ఆమె బల్ల చేరేసరికి మూడో రౌండులో ఒక నిమిషం మిగిలి ఉంది.

"డాక్టరు గారూ, నీలం మూల అమ్మాయికి తలకి దెబ్బ తగిలింది. దయచేసి చూడండి."

"మీరు వాళ్ల తాలూకానా?"

"కాదు. ఎదుటి అమ్మాయి తాలూకా."

డాక్టరు విచిత్రంగా చూశాడు. "నిలబడే ఉందిగదండీ. కొడుతోంది కూడా."

"కొట్టిన అమ్మాయే చెబుతోందండీ బాగాలేదని. అంతకంటే దగ్గరగా చూసినవాళ్లు ఎవరున్నారు?"

అతను లేచి, గంట మోగగానే చూస్తానంటూ రింగు మెట్ల దాకా వచ్చాడు.

ఆ ఆఖరి నిమిషంలో ప్రణీత చేసింది రోజారాణి మెట్ల పక్క నిలబడి చూసింది. పొడుగాటి చెయ్యి వచ్చిన ప్రతిసారీ తలని వెంట్రుకవాసిలో పక్కకి తప్పించింది. భుజంతో ఆపింది. మోచేత్తో ఆపింది. అవకాశం దొరికిన ప్రతిసారీ ఆమె చెయ్యి పైకి లేచి, మొహం దాకా వెళ్లి, దిగి, పొట్ట మీద మెల్లగా తగిలింది. కొట్టడం కంటే అలా కొట్టకపోవడానికి ఎంత బలం కావాలో, ఎంత నేర్పు కావాలో రోజారాణికి అప్పుడు తెలిసింది. తను వందల పోటీల వివరాలు చెప్పగలదు. ఇలాంటి నిమిషం ఒకటి ఉంటుందని ఎప్పుడూ ఊహించలేదు.

అయిదుగురు జడ్జీల్లో ముగ్గురు అమూల్య వైపు ఇచ్చారు. రిఫరీ ఆమె చెయ్యి పైకెత్తాడు. అమూల్య నవ్వింది. చప్పట్లు కొడుతున్న జనం ఒక వైపు ఉంటే, ఆమె ఇంకో వైపు చూసి నవ్వింది.

మెట్లు దిగగానే డాక్టరు ఆమె భుజం పట్టుకున్నాడు.

"ఎన్ని రౌండ్లు ఆడావమ్మా?"

అమూల్య ఆలోచించింది. "ఇంకా మొదలుకాలేదుగా సార్," అంది.

పది నిమిషాల్లో అంబులెన్సు కొంపల్లి వైపు వెళ్లిపోయింది.

హాలు బయట మెట్ల మీద ప్రణీత కూర్చుంది. ఇంకా చేతిపట్టీలు విప్పుకోలేదు. రోజారాణి పక్కన కూర్చుని, ఆమె చెయ్యి ఒళ్లోకి తీసుకుని పట్టీ విప్పసాగింది.

"నీకెలా తెలిసింది తల్లీ? రిఫరీ చూశాడు, వాళ్ల కోచ్ చూశాడు. వాళ్లకి కనబడలేదు."

ప్రణీత రోడ్డు మీద లారీల వైపు చూస్తూ చెప్పింది.

"మా నాయిన గండిమైసమ్మ కాడ సెంట్రింగ్ పనికి పోతుండె మేడం. ఒకనాడు పరంజి మీదికెల్లి పడ్డడంట. లేసి, దుమ్ము దులుపుకుని, ఏం కాలేదన్నడంట. బస్సుల ఇంటికొచ్చిండు. అన్నం తిన్నడు. నేను నీళ్లిస్తే నన్ను సూసిండు. సూసిండు గాని నన్ను గాదు, నా ఎన్కాల ఎవలనో సూసినట్టు. అలిసిపోయిండని అమ్మ పండుకొమ్మన్నది. మల్ల లేవలే. గప్పుడు నాకు పదకొండేండ్లు. గా సూపు నాకు యాదికుంది. ఇయ్యాల గామె కండ్లల్ల గదే సూపు."

రోజారాణి పట్టీ చివరిదాకా విప్పి, ఆ చేతిని రెండు చేతుల మధ్య పెట్టుకుని అలాగే కూర్చుంది. ఈ చెయ్యి ఆగిన ఆ క్షణం గురించే ఆమె ఆలోచిస్తోంది. కనురెప్ప కొట్టేంత సమయం. ఆ సమయంలో గెలుపు ఒక పక్క, ఎనిమిదేళ్ల కిందటి తండ్రి చూపు ఒక పక్క. ఈ సన్నటి పిల్ల ఎంచుకుంది.

సాయంత్రం, అంబులెన్సు వెంట వెళ్లిన బాలేష్ ఇంకా హాలు దగ్గరే ఉన్న ప్రణీతకి ఆసుపత్రి నుంచి ఫోన్ చేశాడు. స్కాన్ తీశారు. పుర్రె లోపల కొంచెం రక్తం చేరింది. వేళకి తెచ్చారని, ఆపరేషన్ అవసరం పడకపోవచ్చని డాక్టర్లు చెప్పారు. అలాగే బస్సెక్కి ఖమ్మం వెళ్లి ఉంటే దారిలో నిద్రపోయేదని, ఆ నిద్రలోంచి లేచేదో లేదో చెప్పలేమని అన్నారు.

ప్రణీత ఫోన్ రోజారాణికి ఇచ్చేసి, హాలు గోడవైపు తిరిగి మొదటిసారి ఏడ్చింది.

అమూల్య తొమ్మిదో రోజున నడిచి ఇంటికి వెళ్లింది. ఏడాది దాకా రింగు ఎక్కొద్దన్నారు. ఆమె బదులు ప్రణీతను జాతీయ పోటీలకి పంపుతామని రాష్ట్ర బాక్సింగ్ సంఘం వాళ్లు బాలేష్‌కి కబురు పెట్టారు. ప్రణీత ఒప్పుకోలేదు.

"ఓడిపోయి ఎట్ల పోత సార్? గది నా జాగ కాదు."

రెండు రోజుల తరువాత అమూల్యే ఫోన్ చేసింది. ప్రణీత స్పీకర్ పెట్టింది, షెడ్డులో అందరూ విన్నారు.

"అక్కా, నేను గెలిచింది నాకు గుర్తే లేదు. వీడియోలో చూసిన. మూడో రౌండు మూడుసార్లు చూసిన. నువ్వు పోకపోతే నేనే పోయి రింగు ఎక్కుతా. అప్పుడు మా డాక్టరు తిట్లు నీకే," అంది.

ప్రణీత నవ్వింది. వెళ్లింది.

జాతీయ పోటీల్లో మొదటి రోజు గెలిచింది. రెండో రోజు హర్యానా అమ్మాయి చేతిలో ఓడింది. నిజామాబాద్‌లో రైలు మారి, ప్యాసింజర్‌లో మేడ్చల్ స్టేషన్‌లో దిగుతామని బాలేష్ చెప్పాడు. రోజారాణి ఆఫీసుకి అరపూట సెలవు పెట్టి, పులిహోర చేసి డబ్బాలో పెట్టుకుని, గోపాలరావుతో కలిసి ప్లాట్‌ఫారం మీద నిలబడింది. ఓడి వచ్చే పిల్లకి ఏం చెప్పాలా అని పొద్దుటి నుంచి మాటలు వెతుక్కుంటోంది. ఓడిపోయి ఇరవై ఏళ్లకి, నలభై అయిదో ఏట మళ్లీ ఛాంపియన్ అయినవాడి సంగతి చెబుదామనుకుంది.

రైలు ఆగింది. ప్రణీత సంచీ భుజాన వేసుకుని దిగింది. ఎడమ కన్ను కింద నల్లగా కమిలి ఉంది. రోజారాణిని చూడగానే పరుగున వచ్చింది. మొహం వెలిగిపోతోంది.

"మేడం, గా హర్యానా పిల్ల ఎడమ చెయ్యి మీరు సూడాల్సుండె. ఎక్కడికెల్లి వస్తాందో నాకు కానరాలే. ఏడుసార్లు తగిలింది. ఏడుసార్లు నేను సూడలే. ఎనిమిదోసారి సూసిన మేడం."

"తప్పించుకున్నావా?"

"లేదు. గది కూడ తగిలింది. గాని సూసిన. మస్తుంది మేడం, గంత అందంగ కొట్టొచ్చని నాకు తెల్వది."

సంచీ కింద పడేసి, కాళ్లు సరిగ్గా పెట్టుకుని, ఆ ఎడమ చెయ్యి ఎలా వచ్చిందో చూపించడం మొదలుపెట్టింది. ఒకసారి మామూలుగా, ఒకసారి నెమ్మదిగా. ప్లాట్‌ఫారం మీద కూరగాయల గంపలతో దిగినవాళ్లు కూడా ఆగి చూశారు. రోజారాణి చెప్పాలనుకున్న సంగతి మరిచిపోయింది. పులిహోర డబ్బా భర్త చేతికిచ్చి ఇంకా దగ్గరికి జరిగింది.

"మళ్లీ చూపించు," అంది.